ఫ్రిజ్ తలుపు తీయగానే

మే నెల ఎండలో తిరిగి ఇంటికొచ్చిన మనిషి చెప్పులు విప్పగానే చేసే మొదటి పని ఫ్రిజ్ తలుపు తీయడం. ఆ క్షణంలో ఆరోగ్య సూత్రాలు గుర్తుకు రావు, డాక్టరు చెప్పిన మాటా గుర్తుకు రాదు. ఎదురుగా చల్లగా ఏది కనిపిస్తే దాన్నే గటగటా తాగేస్తారు. కూల్‌డ్రింకు సీసా ఉంటే కూల్‌డ్రింకు, మజ్జిగ గిన్నె ఉంటే మజ్జిగ. దాహానికి ఆలోచించుకునే తీరిక ఉండదు. అందుకే ఎండాకాలం ఏం తాగాలన్నది ముందురోజు రాత్రి, వంటిల్లు సర్దుకునే వేళ తేల్చుకోవాలి. దానికి పది నిమిషాలు చాలు. ఈ అధ్యాయమంతా ఆ పది నిమిషాల పని గురించే.

ముందు ఒక లెక్క. మామూలు కోలాలో 100 మిల్లీలీటర్లకు సుమారు 10 నుంచి 11 గ్రాముల చక్కెర ఉంటుంది. 300 మిల్లీలీటర్ల గ్లాసు తాగితే 30 గ్రాములు దాటినట్టే. చెంచాల్లో చెప్పుకుంటే ఏడెనిమిది టీస్పూన్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం విడిగా కలిపే చక్కెర, తేనెలో, పండ్ల రసాల్లో ఉండే చక్కెర అన్నీ కలిపి, రోజంతా తిండి నుంచి వచ్చే శక్తిలో 10 శాతానికి లోపే ఉండాలి. 5 శాతంలోపు ఉంటే ఇంకా మంచిది. ఆ 5 శాతం పెద్దవాళ్లకు దాదాపు 25 గ్రాములు, అంటే ఆరు టీస్పూన్లు. ఒక్క గ్లాసు కోలాతో ఆ గీత దాటిపోతుంది, కడుపు మాత్రం నిండదు.

కడుపు నిండదన్న మాట ఊరికే అన్నది కాదు. అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2000లో ప్రచురించిన ఒక అధ్యయనంలో కొద్దిమందికి రోజూ 450 కేలరీల చక్కెర అదనంగా ఇచ్చారు. నాలుగు వారాలు జెల్లీ బీన్స్ మిఠాయిల రూపంలో, మరో నాలుగు వారాలు సోడా రూపంలో. మిఠాయి తిన్న రోజుల్లో వాళ్లు తమకు తెలియకుండానే మిగతా తిండి తగ్గించారు. సోడా తాగిన రోజుల్లో ఏమీ తగ్గలేదు, పైగా బరువు పెరిగారు. నమిలి తిన్నదాన్ని శరీరం లెక్కలో వేసుకుంటుంది. తాగినదాన్ని అంతగా పట్టించుకోదు. ఇంట్లో స్వీట్లు మానేసిన మనిషి కూడా వేసవి రెండు నెలల్లో బరువెక్కడానికి ఇదొక కారణం.

షుగర్ ఉన్నవాళ్లకు ఈ లెక్క మరింత ముఖ్యం. భారత వైద్య పరిశోధన మండలి అండతో జరిగిన ఇండియాబ్ అధ్యయనం 2023లో చెప్పినదాని ప్రకారం దేశంలో 10 కోట్లకు పైగా జనం మధుమేహంతో ఉన్నారు. అంటే వేసవిలో ఇంటికొచ్చే చుట్టాల్లో ఒకరికైనా ఈ సమస్య ఉండే అవకాశం బాగా ఉంది. రక్తంలో గ్లూకోజు బాగా పెరిగినప్పుడు మూత్రపిండాలు దాన్ని మూత్రంలోకి వదిలేస్తాయి, దాంతోపాటు నీళ్లూ పోతాయి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు పనిచేసేదే చక్కెరను మూత్రంలోకి పంపి. కాబట్టి ఎండాకాలం షుగర్ ఉన్నవాళ్లకు దాహం ఎక్కువ, ఒంట్లో నీరు తగ్గే ప్రమాదమూ ఎక్కువే. ఆ దాహాన్ని తీపి పానీయంతో తీర్చబోతే గ్లూకోజు ఇంకా పెరిగి దాహం మళ్లీ మొదలవుతుంది. పెద్ద వయసువాళ్లకు మరో చిక్కుంది. ఒంట్లో నీరు తగ్గినా వాళ్లకు దాహం అంతగా తెలియదు. అడిగితేనే ఇద్దామనుకోకుండా గంట గంటకూ గ్లాసు చేతికివ్వాలి.

మజ్జిగతోనే మొదలు

తెలుగు ఇళ్లలో ఈ సమస్యకు సమాధానం ఎప్పటినుంచో ఉంది. దాన్ని అన్నంలోకే పరిమితం చేసి, దాహానికి వేరే సీసాలు కొనడం ఈమధ్య వచ్చిన అలవాటు. 2015 వేసవిలో వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో రెండు వేలమందికి పైగా చనిపోయారు. అలాంటి ఎండలకు ఊరి కూడళ్లలో వెలిసే చలివేంద్రాల్లో నీళ్ల తర్వాత ఎక్కువగా పంచేది మజ్జిగే. పోసిన చెమటతో పోయిన నీళ్లూ ఉప్పూ రెండూ అందులో దొరుకుతాయి, ధరా తక్కువే.

మంచి మజ్జిగకు కొలత కావాలి. కాస్త పులిసిన పెరుగు ఒక కప్పు, చల్లటి నీళ్లు మూడు కప్పులు. కవ్వంతో బాగా చిలకాలి. మిక్సీలో తిప్పితే వేడెక్కి వెన్న ముద్దలు కట్టే వీలుంది, కాబట్టి రెండు మూడు తిప్పులకే ఆపాలి. పైకి తేలిన వెన్న తీసేయాలి. పావు టీస్పూను ఉప్పు, వేలి కణుపంత అల్లం, ఒక పచ్చిమిరపకాయ, రెండు రెబ్బల కరివేపాకు, గుప్పెడు కొత్తిమీర కచ్చాపచ్చాగా దంచి కలపాలి. చిటికెడు ఇంగువ వేస్తే రుచే వేరు. అరగంట అలాగే ఉంచి వడగడితే నాలుగు గ్లాసులు వస్తాయి. చాలామంది దంచిన వెంటనే వడగట్టేస్తారు. ఆ అరగంటలోనే అల్లం, కరివేపాకుల సారం నీళ్లలోకి దిగుతుంది కాబట్టి అది వదులుకోకూడదు. నిమ్మరసం పిండదలిస్తే గ్లాసులో పోశాక, తాగే ముందే పిండాలి.

ఇలా చేసిన గ్లాసులో పెరుగు వాటా 50 గ్రాములకు మించదు. పిండిపదార్థం రెండు గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లు ఇది రెండు పూటలా తాగినా లెక్క తప్పదు. జాగ్రత్త పడవలసింది ఉప్పు దగ్గర. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బీపీ ఉన్నవాళ్ల గ్లాసులో ఉప్పు తగ్గించి అల్లం, నిమ్మ పెంచితే సరిపోతుంది. ప్యాకెట్ మజ్జిగ కొనేవాళ్లు వెనక రాసిన సోడియం అంకె ఒకసారి చూసుకోవాలి.

మజ్జిగలో మెంతిపొడి కలుపుకుంటే షుగర్ తగ్గుతుందని చాలా ఇళ్లలో నమ్మకం. దీని వెనక నిజమైన పరిశోధన ఉంది, అది జరిగిందీ హైదరాబాద్‌లోనే. జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1990లో ప్రచురించిన అధ్యయనంలో మెంతులవల్ల రక్తంలో గ్లూకోజు తగ్గినట్టు తేలింది. కానీ అందులో వాడింది రోజుకు 100 గ్రాముల, కొవ్వు తీసిన మెంతిపిండి. గ్లాసులో వేసుకునే అర చెంచా ఎక్కడ, అది ఎక్కడ? రుచికోసం, కమ్మదనంకోసం మెంతిపొడి వేసుకోవచ్చు. దాన్ని నమ్ముకుని మాత్ర మానేయడం మాత్రం ప్రాణానికి ముప్పు తెచ్చే పని.

తీపి లేని రుచులు

చక్కెర తీసేస్తే పానీయం చప్పగా ఉంటుందన్నది చాలామంది భయం. పులుపు, ఉప్పు, ఘాటు, సువాసన, చలువ అన్నీ సరిగ్గా కుదిరితే నాలుక తీపిని వెతుక్కోదు. ఒకటి తగ్గిస్తే మరొకటి పెంచాలన్నదే ఇక్కడ మెలకువ.

నిమ్మకాయ నీళ్లనే తీసుకుంటే, గూడూరు, తెనాలి, ఏలూరు మార్కెట్ల నుంచి లారీలకు లారీలు బయల్దేరే ఈ కాయను తెలుగువాళ్లు చక్కెరతో కలిపి షర్బత్తుగా తాగడమే ఎక్కువ. ఉప్పు నిమ్మ సోడా బండి దగ్గర తప్ప ఇంట్లో అరుదు. ఒక గ్లాసుకు అర చెక్క నిమ్మరసం, చిటికెడు నల్లుప్పు, వేయించి దంచిన జీలకర్ర పావు చెంచా, నలిపిన పుదీనా ఆకులు నాలుగు, పైన సోడా. వేయించిన జీలకర్ర ఘాటు పులుపును మెత్తబరుస్తుంది. అందులో ఒక టీస్పూను నానిన సబ్జా గింజలు వేస్తే గుటకకు నిండుదనం వస్తుంది. సబ్జాను కనీసం పావుగంట నీళ్లలో నానబెట్టాలి. పొడి గింజలు నోట్లో వేసుకుని నీళ్లు తాగితే గొంతులోనే ఉబ్బి అడ్డం పడవచ్చు. పిల్లలున్న ఇంట్లో ఈ మాట మరవకూడదు.

సుగంధిపాల వేరు కథ ఇంకా బాగుంటుంది. రాయలసీమ ఊళ్లలో ఎండాకాలం ఆ వేరుతో చేసే నన్నారి షర్బత్తు బండి లేని వీధి అరుదు. అక్కడ గ్లాసులో పోసేది చిక్కటి చక్కెర పాకం, షుగర్ ఉన్నవాళ్లకు పనికిరాదు. అయితే ఆ షర్బత్తు ఆకర్షణంతా వేరులో ఉంది. ఆ వేరుకు సువాసన ఇచ్చే పదార్థమూ, వెనిలాకు వాసన ఇచ్చే వెనిలిన్ అన్న పదార్థమూ ఒకే అణుసూత్రం ఉన్నవి, అణువు లోపలి అమరికలోనే తేడా. అందుకే చక్కెర వేయకపోయినా ఆ వాసనకు నాలుక మీద తీపి భ్రమ కలుగుతుంది. పచారీ కొట్లో, ఆయుర్వేద మందుల దుకాణంలో ఎండు వేళ్లు దొరుకుతాయి. రెండు చెంచాల వేళ్లను కడిగి, దంచి, లీటరు మరిగే నీళ్లలో వేసి మూతపెట్టి రాత్రంతా ఉంచాలి. పొద్దున వడగట్టి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే రెండు రోజులు నిలుస్తుంది. తాగేటప్పుడు సగం గ్లాసు ఈ నీళ్లు, సగం సోడా, కాస్త నిమ్మరసం. వేళ్లను ఎక్కువసేపు ఉడికిస్తే వాసన ఆవిరితో పోతుంది కాబట్టి నానబెట్టడమే మేలు.

గోంగూర తెలియని తెలుగు ఇల్లు లేదు. కానీ పుల్ల గోంగూర మొక్కకు పూత రాలాక కాయ చుట్టూ మిగిలే ఎర్రటి కండగల రేకలను చాలాచోట్ల పారేస్తారు. ఈజిప్టులో, సూడాన్‌లో అవే రేకలతో కర్కదే చేసి అతిథులకిస్తారు. మెక్సికో బజార్లలో హమైకా నీళ్లంటే ఇదే. చలికాలం చివర రేకలను నీడలో ఎండబెట్టి సీసాలో దాచుకుంటే వేసవంతా వస్తాయి. గుప్పెడు రేకలు లీటరు వేడినీళ్లలో వేసి చల్లారనిస్తే దానిమ్మ రంగు దిగుతుంది. అల్లం ముక్క, దాల్చినచెక్క తోడు చేస్తే విందులో పెట్టదగ్గ పానీయం. ఈ రేకలకు రక్తపోటును కొంత తగ్గించే గుణం ఉంది. బీపీ మాత్రలు వాడేవాళ్లు రోజూ తాగదలిస్తే డాక్టరుతో ఒక మాట చెప్పాలి.

పానకం సంగతేమిటి?

శ్రీరామనవమి పందిట్లో పానకం వద్దనడం ఎవరికీ ఇష్టం ఉండదు. మంగళగిరి పానకాల నరసింహస్వామి సన్నిధిలోనైతే అది నైవేద్యం, స్వామి సగమే తీసుకుని మిగతా సగం భక్తులకు వదిలేస్తాడని నమ్మకం. అక్కడ దొరికే చిన్న గరిటెడు ప్రసాదం ఎవరికీ చెరుపు చేసేంత కాదు. ఇబ్బంది వచ్చేది ఇంట్లో చెంబులకొద్దీ చేసుకున్నప్పుడే. లీటరు నీళ్లకు 150 గ్రాముల బెల్లం వేస్తే ఒక గ్లాసులో 30 గ్రాములుంటుంది. బెల్లం చక్కెర కంటే మంచిదని, షుగర్ ఉన్నవాళ్లు వాడుకోవచ్చని బాగా ప్రచారంలో ఉన్న మాట నిజం కాదు. బెల్లంలో ఖనిజాలు కాస్త ఉన్నా, అధిక భాగం చక్కెరే. తేనె, తాటిబెల్లం సంగతీ అంతే.

పానకాన్ని ఇష్టంగా తాగించేది శొంఠి, మిరియాలు, యాలకులు, పచ్చకర్పూరం. వాటిని తగ్గించకుండా బెల్లాన్ని తగ్గిస్తే పానకం పానకంలాగే ఉంటుంది. లీటరు నీళ్లకు అర చెంచా శొంఠిపొడి, పది మిరియాలు, నాలుగు యాలకులు దంచి వేసి, అర చెక్క నిమ్మరసం, చిటికెడు ఉప్పు, నాలుగు తులసి ఆకులు, 20 గ్రాముల బెల్లం. అయిదు గ్లాసులకు పంచితే ఒక్కో గ్లాసులో 4 గ్రాములే. కుండలో పోసి రెండు గంటలుంచితే మసాలా అంతా కలిసిపోతుంది.

మంచివే గానీ లెక్కించాల్సినవి

రాగి అంబలి గురించి కాస్త నిదానంగా మాట్లాడుకోవాలి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ధాన్యాల్లో దానికి సాటి లేదు. రాత్రి పిండి నానబెట్టి, పులియనిచ్చి, పొద్దున కాచి, చల్లారాక మజ్జిగ పోసి పచ్చి ఉల్లిపాయతో తాగే అంబలి పల్లె కూలీలను పొద్దెక్కేదాకా నిలబెట్టిన ఆహారం. అవును, అది ఆహారం. రాగుల్లో మూడింట రెండు వంతులు పిండిపదార్థమే. మెత్తగా విసిరి, జావగా కాచినప్పుడు అది తొందరగానే అరిగి గ్లూకోజుగా మారుతుంది. ఇడ్లీలు తిని, పైన దాహానికని రెండు గ్లాసుల అంబలి తాగితే రెండు టిఫిన్లు తిన్నట్టే. షుగర్ ఉన్నవాళ్లు అంబలిని టిఫిన్‌కు బదులుగా తాగాలి. పిండి రెండు పెద్ద చెంచాలకు మించకుండా, మజ్జిగ ఎక్కువగా, చక్కెర పాలు కలిపే రాగి మాల్ట్ జోలికి పోకుండా.

కొబ్బరిబోండాంలో సహజంగా ఉండే చక్కెర ఒక కాయకు 10 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. అప్పుడప్పుడు ఒకటి తాగడం చాలామందికి ఇబ్బంది కాదు. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లకు మాత్రం అందులోని పొటాషియం ప్రమాదం, డాక్టరు ఒప్పుకుంటే తప్ప ముట్టకూడదు. చెరకు రసం గ్లాసులో 30 గ్రాముల పైనే చక్కెర. బత్తాయి రసానికి మూడు కాయలు పిండుతారు, పీచు చెత్తబుట్టలోకి పోతుంది. నల్గొండ బత్తాయిని వలిచి తొనలుగా తింటే ఒక కాయతోనే తృప్తి.

స్టీవియా, సుక్రలోజు లాంటి బదులు తీపులను వాడవచ్చా? బరువు తగ్గడానికి వాటి మీద ఆధారపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది, అయితే ఆ సూచన అప్పటికే మధుమేహం ఉన్నవాళ్లకు వర్తించదు. షుగర్ ఉన్నవాళ్లు చక్కెర మానుకునే తొలి వారాల్లో ఒకటి రెండు చుక్కలు వాడుకుంటే తప్పులేదు. ఎప్పటికీ వాటితోనే తాగితే నాలుక తీపికి అతుక్కునే ఉంటుంది. నాలుక మారుతుందనడానికి ఇంట్లోనే నిదర్శనం దొరుకుతుంది. నిమ్మనీళ్లలో వారానికి అర చెంచా చొప్పున చక్కెర తగ్గించుకుంటూ వచ్చినవాళ్లకు రెండు నెలల తర్వాత పాత గ్లాసు వెగటు పుట్టిస్తుంది.

ఆ పది నిమిషాలు

రాత్రి చేయవలసింది కొంచెమే. పాలు తోడుపెట్టడం, వేళ్లో గోంగూర రేకలో వేడినీళ్లలో వేసి మూతపెట్టడం, రెండు చెంచాల సబ్జా నానబెట్టడం. నానిన సబ్జా ఫ్రిజ్‌లో ఒకరోజు బాగుంటుంది. వారానికోసారి డజను నిమ్మకాయలు పిండి, పుదీనా కలిపి, ఐస్ ట్రేలో గడ్డకట్టిస్తే ఎప్పుడు కావాలంటే అప్పుడు రెండు ముక్కలు గ్లాసులో వేసుకోవచ్చు. వేయించిన జీలకర్ర పొడి నెలకు సరిపడా సీసాలో ఉంచుకోవాలి. ఐస్‌కు వాడే నీళ్లు తాగే నీళ్లంత శుభ్రంగా ఉండాలి. బయట కొనే ఐస్‌గడ్డ ఏ నీళ్లతో చేశారో తెలియదు కాబట్టి వద్దు.

తర్వాత అమరిక. మజ్జిగ, నన్నారి నీళ్లు గాజు జగ్గుల్లో, లోపల ఏముందో కనిపించేలా, తలుపు తీయగానే చేతికందే అరలో. పండక్కో చుట్టాలకో తెచ్చిన కూల్‌డ్రింకు ఉంటే ఫ్రిజ్ బయట, అలమారా పై అరలో. వెచ్చటి కోలాను ఎవరూ ఇష్టపడరు, చల్లబడేదాకా ఆగేలోపు మజ్జిగతో దాహం తీరిపోతుంది. పిల్లల్ని బతిమాలడం, తిట్టడం కంటే ఇది ఎక్కువ పనిచేస్తుంది. నిమ్మ పిండటం, పుదీనా నలపడం వాళ్లకే అప్పగిస్తే చేసినదాన్ని గొప్పగా తాగుతారు. ఇంటికొచ్చిన అత్తయ్యకో బాబాయికో షుగర్ ఉందో లేదో అడగడానికి మొహమాటపడే ఇళ్లలో, రెండు జగ్గులు బల్ల మీద పెట్టి ఇది ఉప్పుది, ఇది తీపిదని చెప్పి వదిలేస్తే వాళ్లే వంచుకుంటారు.

వంటింటి అరల్లో మరో రెండు వస్తువులుండాలి. ఒకటి ఓఆర్ఎస్ ప్యాకెట్. వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు మజ్జిగ, నిమ్మనీళ్లు సరిపోవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు ఓఆర్ఎస్‌లో గ్లూకోజు 13.5 గ్రాములే. అదే పేరు అతికించుకుని, అంతకు ఎన్నో రెట్లు చక్కెరతో రంగు డబ్బాలు ఏళ్లపాటు మందుల దుకాణాల్లో అమ్ముడయ్యాయి. హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆ పేరు అలా వాడకూడదని ఆదేశించింది. కొనేటప్పుడు ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని ఉందో లేదో చూసుకోవాలి. షుగర్ ఉన్నవాళ్లకు విరేచనాలు పట్టుకుంటే చక్కెర భయంతో ఓఆర్ఎస్ ఆపకూడదు, డాక్టరుకు ఫోన్ చేసి తాగించాలి.

రెండోది, కాస్త గ్లూకోజు పొడి లేదా మామూలు చక్కెర. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటి మందులు వాడేవాళ్లకు ఎండలో తిరిగి, భోజనం ఆలస్యమైతే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. చేతులు వణకడం, చెమటలు, మాట తడబడటం దాని గుర్తులు. అప్పుడు మజ్జిగగానీ డైట్ కోలాగానీ ఉపయోగపడవు. 15 గ్రాములు, అంటే సుమారు నాలుగు టీస్పూన్ల గ్లూకోజు లేదా చక్కెర అర గ్లాసు నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంట తర్వాత పరీక్షించి, 70 లోపే ఉంటే మళ్లీ ఇవ్వాలి. స్పృహ తప్పినవాళ్ల నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. మందుల జాబితాలో ఇన్సులిన్ ఉన్న ఇంట్లో ఈ పొడి డబ్బా ఎక్కడుందో పనిమనిషికీ, పదేళ్ల పిల్లవాడికీ కూడా తెలిసి ఉండాలి.

గుండె, మూత్రపిండాల జబ్బువల్ల రోజుకు ఇన్ని నీళ్లే తాగాలని డాక్టరు చెప్పినవాళ్లు పై పానీయాలన్నిటినీ ఆ కొలతలోనే సర్దుకోవాలి. మిగతావాళ్లకు ఏది సరిపడుతుందో చెప్పే సాధనం ఇంట్లోనే ఉంది. ఉట్టి కడుపుతో గ్లూకోమీటర్‌లో ఒకసారి చూసుకుని, అంబలిగానీ కొబ్బరినీళ్లుగానీ తాగి, రెండు గంటల తర్వాత మళ్లీ చూసుకోవాలి. మరోరోజు అదే వేళకు మజ్జిగతో. ఆ రెండు జతల అంకెలు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించి, తర్వాతిసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లాలి.